స్థానికసంస్థల యెన్నికలయందు దేశరాజకీయముల యనువృత్తి

గ్రామపంచాయతికి ఓటు వేయువాఁడు గ్రామమును మాత్రమే చూడవలెనా, రాష్ట్రమును దేశమును గూడఁ జూడవలెనా యను ప్రశ్న నేఁటిది కాదు. స్థానికపరిపాలనము పుట్టిన దినమునుండియు నది యున్నది. 2021 ఫిబ్రవరిలో పంచాయతి యెన్నికలు జరుగుచుండఁగా సోంపేట ప్రాంతమువాఁడగు నా పూర్వశిష్యుఁ డొకఁడు వచ్చి, "గురువుగారూ, మా వీథి బోరు మోటారు చెడిపోయినపుడు తన పైకముతో బాగు చేయించినవాఁ డొక పక్షమువాఁడు. శాసనసభకు నేను ఓటు వేయు పక్షము వేఱొకటి. ఇపుడు నే నెవరికి వేయవలెను?" అని యడిగెను. నాఁడు వానికి వెంటనే యుత్తరము చెప్పలేకపోయితిని. పిదపఁ బూర్వచరిత్రమును బరిశీలించి నాకుఁ దోఁచిన దానిని పండితుల యెదుట నుంచుచున్నాను.

వ్యాకరణమునఁ గొంత పరిశ్రమ చేసినవాఁడను గనుక నిది నాకు అనువృత్తివిచారముగాఁ గన్పట్టుచున్నది. పాణినీయమున నొక సూత్రమందలి పదము మఱల నుచ్చరింపఁబడకయే తరువాతి సూత్రములలోనికి వచ్చుట అనువృత్తి. అది యొకచో నాఁగిపోవుట నివృత్తి. తరువాతి సూత్రమునకు దాని యాకాంక్ష యున్నపుడే యా పదము వచ్చును. ఆకాంక్ష లేనిచోటికి బలవంతముగాఁ దెచ్చినచో నర్థము చెడును. నడుమనున్న సూత్రములను విడిచి దూరమునకు దుముకుటయుఁ గలదు. దానిని మండూకప్లుతి యందురు. అధికారమును దెలుపుటకు సూత్రకారుఁడు స్వరితచిహ్నము నుంచెను గాని, పాఠమున నా చిహ్నము లుప్తమగుటచే నేఁడు మనకు వ్యాఖ్యానమే శరణ్యము. రాజధానిలోఁ బుట్టిన మాట గ్రామమునకు వచ్చినపుడును నిట్లే, ఇది గ్రామము కోరిన యనువృత్తియా, కేవలము కప్పదాటా యని విచారింపవలెను.

గ్రామపరిపాలన మాదియందు నిర్మలముగా నుండెననియు, పక్షములు పిదప వచ్చి దానిని జెఱిచినవనియుఁ గొందఱు చెప్పుదురు. చరిత్ర మిందులకు సాక్ష్య మియ్యదు. 1882 మే 18వ తేదీనాఁటి రిప్పన్ ప్రభువు తీర్మానమును, దాని వెనుక వచ్చిన 1884 నాఁటి మదరాసు స్థానికబోర్డుల చట్టమును సామ్రాజ్యరాజకీయములనుండి పుట్టినవే. నాఁడు ఓటుహక్కు పన్ను చెల్లించు కొలఁదిమందికే పరిమితము. 1919 నాఁటి సంస్కరణములచే స్థానికస్వపరిపాలనము మంత్రుల వశమైనది. 1920లో నేర్పడిన జస్టిసు మంత్రివర్గమున నీ శాఖను పానగల్లు రాజావారు వహించిరి. 1932లో మంత్రివర్గనాయకులైన బొబ్బిలి రాజావారును దీనిని తమయొద్దనే యుంచుకొనిరి. బోర్డులపై నధికారము గల శాఖ పక్షనాయకుని చేతనే యుండఁగా, బోర్డు రోడ్డును గూర్చిన ప్రశ్నయు మంత్రిపక్షమును గూర్చిన ప్రశ్నయు ముడివడుటలో వింత యేమున్నది?

ఆ ముడి యంతయు దోషము కాదనుటకుఁ జీరాల పేరాలల చరిత్రమే నిదర్శనము. ఆ రెండు గ్రామములను గలిపి పురపాలకసంఘము చేయుటచేఁ బన్నుల భారము హెచ్చెను. ఇది కేవలము స్థానికమైన కష్టము. కాని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున నది సహాయనిరాకరణోద్యమముతోఁ జేరెను. గాంధీమహాత్ముఁడు చీరాలకు వచ్చి, ఊరు విడిచిపోవుట యొక మార్గమని సూచించెను. జనులు గ్రామములను వదలి రామనగరమను పేర వెలుపలఁ బాకలు వేసికొని పదునొకండు నెలలు కాపురముండిరి. అడుగకయే పన్ను వేయు ప్రభుత్వము దేశమంతటికిని ఒక్కటే గనుక, ఇచట స్థానికప్రశ్నకు దేశప్రశ్న యాకాంక్షిత మయ్యెను. ఇది సాధువగు ననువృత్తి.

ఇఁక మా సీమకు వత్తము. సోంపేట, టెక్కలి తాలూకాలు 1936 మార్చి వఱకు మదరాసు రాజధానియందలి గంజాము జిల్లాలోనివి. ఆ యేఁటి ఏప్రిలు 1వ తేదీని ఒరిస్సా రాష్ట్ర మేర్పడఁగా నివి విశాఖపట్టణము జిల్లాలోఁ జేరెను. 1950 ఆగస్టు 15వ తేదీని శ్రీకాకుళము జిల్లాలోనివయ్యెను. ఓడొనెల్ సంఘము సరిహద్దులను విచారించిన నాఁడు, ఏ గ్రామము ఏ భాషవారిది యను వివాదము సీమ యంతయు వ్యాపించెను. అది గొప్ప ప్రశ్నయే. కాని దానిని నిర్ణయించు నధికారము తాలూకాబోర్డుకుఁ గాని జిల్లాబోర్డుకుఁ గాని లేదు. అట్టి ప్రశ్న పేరిట బోర్డుసభ్యుని నెన్నుకొన్నవాఁడు సరిహద్దును గదల్పలేఁడు సరిగదా, బడిని బావిని గూడఁ బోఁగొట్టుకొనును.

నాలుగేండ్లకు దీనికి విపర్యయమైన యుదాహరణము గలిగెను. 1940లో పలాసయందు అఖిలభారత కిసాను సభ జరిగెను. ఆ సంవత్సరముననే మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమునఁ బోలీసు కాల్పులలో గున్నమ్మ యను రైతువనిత ప్రాణములు విడిచెను. అడవిలోని వంటచెఱకు గ్రామమున కెంత యవసరమో చెప్పనక్కఱలేదు. అయినను దానిని జమీందారుచేతినుండి విడిపించుట గ్రామసంస్థకు సాధ్యము కాదు. 1948 నాఁటి జమీందారీ రద్దు చట్టము కావలసి వచ్చెను. ఊరి కట్టెలమోపునకు రాజధానిలోని చట్టముతో సంబంధము కలదని మావా రట్లు తెలిసికొనిరి.

స్వాతంత్ర్యానంతరము బలవంతరాయ్ మెహతా సంఘము 1957లోఁ జేసిన సూచనల ననుసరించి ఆంధ్రప్రదేశమున 1959లో సమితులు, జిల్లాపరిషత్తులు ఏర్పడెను. సర్పంచులు సమితి యధ్యక్షుని నెన్నుకొనుట యా పద్ధతి. కాఁబట్టి గ్రామమున వేసిన ఓటు మెట్లెక్కి జిల్లాకుఁ జేరుచుండెను; పక్షములా మెట్లమీఁదుగనే క్రిందికి దిగివచ్చెను. పక్షరహితమగు ప్రజాస్వామ్యమే మేలని జయప్రకాశ నారాయణులవారు వాదించిరి. పక్షములు బహిరంగముగనే పోటీ చేయవలెనని 1978లో అశోకమెహతా సంఘము సూచించెను. ఈ రెండు వాదములకు నడుమ 1994 నాఁటి మన పంచాయతిరాజ్ చట్టము మధ్యమమార్గము నవలంబించినది. గ్రామపంచాయతికి పక్షచిహ్నములు లేవు. మండల, జిల్లాపరిషత్తులకుఁ గలవు. అంతియేకాదు, పక్షచిహ్నముపై గెలిచిన మండలసభ్యుఁడు మండలాధ్యక్షుని యెన్నికలోఁ దన పక్షము జారీచేసిన విప్పును మీఱినచోఁ బదవినే కోలుపోవును. కావున మండలమునఁ బక్షమును విచారించుట యోటరునకు విధియే. అచట స్వరితచిహ్నము స్పష్టముగా నున్నది. గ్రామమున నా చిహ్నము లేదు. 2021 ఫిబ్రవరి 9 మొదలు 21 వఱకు నాలుగు విడతలుగాఁ బంచాయతులకును, ఏప్రిలు 8వ తేదీని మండల, జిల్లా స్థానములకును ఎన్నికలు జరుగఁగా, ఒకే యోటరు రెండు నెలలలో రెండు విధములైన ఓటుపత్రములను జూచెను. అయినను మొదటి యెన్నికలోను, వీఁడు ఫలానా పక్షము బలపఱిచిన సర్పంచి యని లెక్కలు గట్టనివారు లేరు. చట్టము వదలిన పదమును జనులు కప్పదాటుగాఁ దెచ్చుకొనిరన్నమాట.

కప్పదాటు ఒక్కొకప్పుడు ఫలించుటయుఁ గలదు. 2001 ఏప్రిలులోఁ బుట్టిన తెలంగాణ రాష్ట్రసమితి, ఆ యేఁటి స్థానికయెన్నికలలోనే కరీంనగరు, నిజామాబాదు జిల్లాపరిషత్తులను గెలిచినది. జిల్లాపరిషత్తు రాష్ట్రమును సృజింపఁజాలదు. ఓటర్లకు నది తెలియును. తమ యభిమతమును దెలుపుటకు నాఁడు వారికి దొరకిన మొదటి ద్వార మదియే. ఇట్లు తెలిసి, వెల కట్టుకొని చేసినదానిని తప్పనఁజాలను. తెలియక చేసినదే తప్పు.

ఇచట నొక పూర్వపక్షము గలదు. "అధికారపక్షమువానిని గెలిపింపనిచో ఊరికి నిధులు రావు" అని. రాష్ట్రప్రభుత్వపు పథకముల విషయమున నీ భయము సర్వథా నిరాధారమని చెప్పఁజాలను. కాని పంచాయతులకు వచ్చు సొమ్మంతయు నట్టిది కాదు. 1993లో నమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగసవరణముచేఁ గేంద్ర ఆర్థికసంఘము పంచాయతుల యవసరములను గూడ విచారింపవలసి యున్నది. 2015–20 సంవత్సరములకుఁ బదునాలుగవ ఆర్థికసంఘము ఆ గ్రాంటులను రాష్ట్రములకుఁ బంచుటలో 2011 జనాభాకు నూటికి 90, వైశాల్యమునకు 10 వంతుల లెక్క నుంచినది. ఆ లెక్కలోఁ బక్షమునకుఁ జోటు లేదు. ఇఁక ఇంటిపన్ను ఊరిదే. దానిని వసూలు చేయువాఁడు, లెక్క చెప్పువాఁడు మనవాఁడా యని గాక, లెక్క చెప్పునా యని చూడవలెను.

మా యుద్దానమున నీ విచారము ప్రాణములతోఁ గూడినది. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో మూత్రపిండముల వ్యాధి యేండ్లతరబడి కుటుంబములను గూల్చుచున్నది. కారణ మిదమిత్థమని నిశ్చయముగాఁ దేలలేదు. హిరమండలము జలాశయమునుండి త్రాగునీరు తెచ్చు 700 కోట్ల రూపాయల పథకము 2023 డిసెంబరులోఁ బ్రారంభింపఁబడినది. అంత దూరమునుండి నీరు తెచ్చుట రాష్ట్రప్రభుత్వపుఁ బని. దానికై శాసనసభ యోటున్నది. వచ్చిన నీటిని మా వీథి చివరి కొళాయివఱకు నందించి, తొట్టిని గడిగించుట పంచాయతిపని. మొదటిదానికై రెండవదానిని విడిచినచో నీరు హిరమండలమునుండి వచ్చియు వీథి చివర నాఁగిపోవును. బీల సంగతి వేఱు. సోంపేటయొద్దనున్న యా చిత్తడినేలలోఁ దలపెట్టిన ఉష్ణవిద్యుత్కేంద్రమును గ్రామస్థు లెదిరింపఁగా 2010 జూలై 14వ తేదీని పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టము వాటిల్లినది. అట్టి కేంద్రమునకు అనుమతి యిచ్చువారు పైవారు. బీలనీటితోఁ బండించుకొనువారు, అందుఁ జేపలు పట్టుకొనువారు గ్రామస్థులు. అట్టిచోట, పైవారియెదుట ఊరి మాట చెప్పఁగలవాఁ డెవఁడని సర్పంచి యభ్యర్థినిఁ బ్రశ్నించుట మండూకప్లుతి కాదు, సహజమైన యనువృత్తియే.

కావున సిద్ధాంత మిది. ముందుగా, ఈ పదవికిఁ గల యధికార మేది యని తెలిసికొనవలెను. పిదప, పైనుండి వచ్చిన ప్రశ్న యా యధికారముతో నన్వయించునా యని చూడవలెను. అన్వయించినచో దానిని నిస్సంకోచముగా లెక్కింపవచ్చును. అన్వయింపనిచో నదెంత గొప్ప ప్రశ్న యైనను దానికిఁ దగిన యెన్నిక వచ్చువఱకు నివృత్తి చేయవలెను. ఇది వైరాగ్యము గాదు; స్థానభేదము మాత్రమే.

ఇతరులకు బోధించుటకు ముందు నా తప్పును జెప్పుకొనుట న్యాయము. ఈ చట్టముక్రింద మొదటి యెన్నికలు జరిగిన 1995లో నేను పక్షమును జూచియే పంచాయతికి ఓటు వేసితిని. పక్షము పేరు నేఁటికిని జ్ఞప్తియందున్నది. అభ్యర్థి పేరు జ్ఞప్తికి రాదు. అతఁడు మా యూరికేమి చేసెనో నే నాలోచింపనేలేదు.

నా శిష్యుఁడు మఱల వచ్చినపుడు వానికీ సంగతియే చెప్పితిని. వాఁ డెవరికి ఓటు వేసెనో నే నడుగలేదు, అడుగఁగూడదు. బోరు పని చేయుచున్నదా యని మాత్రమడిగితిని.