ఆధారనిర్దేశము: తాటాకు నుండి అంతర్జాలము వరకు

ఒక సిద్ధాంతమును ప్రతిపాదించువాడు దానికి ఆధారమును చూపవలయుననుట శాస్త్రమర్యాద. ఆధారమును చూపుట యనగా ‘ఇది ఫలానిచోట నున్నది’ అని చెప్పి ఊరకుండుట కాదు. చదువరి తానుగా దానిని చూచి, మన మాట నిలుచునో నిలువదో తేల్చుకొనుటకు దారి యేర్పరచుట. ఇటీవలి సిద్ధాంతవ్యాసములలో అంతర్జాలమునుండి గ్రహించిన ఆధారములు నానాటికి పెరుగుచున్నవి. వానిని పేర్కొను పద్ధతి మాత్రము మనలో ఇంకను కుదురుకొనలేదు. ఇది క్రొత్తగా పుట్టిన చిక్కని పలువురు తలచుచున్నారు. చిక్కు పాతదే యనియు, పూర్వులు దాని నెదుర్కొన్న తీరు నేటికిని ఉపకరించుననియు చూపుట మా యుద్దేశము.

మన లాక్షణికులు లక్ష్యము చూపక లక్షణము చెప్పుటకు ఇష్టపడలేదు. 17వ శతాబ్ది నడుమ వెలసిన అప్పకవీయమున కాకునూరి అప్పకవి పద్యములను ఉదాహరించి, అవి యే కావ్యములలోనివో పేర్కొనెను. తాటాకుప్రతులలో ఆకుల లెక్క ప్రతికొక తీరుగా నుండును గనుక ఆకుసంఖ్య చెప్పినను ఆ కాలమున ప్రయోజనము లేదు. అయినను పద్యమును పూర్తిగా ఎత్తిచూపుటవలన ఒక గొప్ప మేలు కలిగినది: మూలగ్రంథము నశించినను లక్ష్యము నిలిచినది. పెదపాటి జగన్నాథకవి సంధానించిన ప్రబంధరత్నాకరమున నేడు దొరకని కావ్యముల పద్యములు పెక్కు కలవు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ప్రబంధరత్నావళిని వెలువరించి అట్టి పద్యములను లోకమునకు అందించిరి. ఆ కావ్యములలో కొన్నింటి పేరైనను మనకు తెలియుట ఉదాహరించినవారి చలువయే. కాని ఈ పద్ధతికి లోపమును కలదు. ఒకే పద్యమును ఇరువురు ఇరువురు కవులకు అంటగట్టినపుడు, వారు చూచిన ప్రతులు ఎట్టివో తెలియనందున తగవు తీరుట లేదు.

అచ్చుపుస్తకముల కాలమున నిర్దేశము మరింత నిశితమైనది. బ్రౌన్ దొర 1852లో ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువునందును, బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరమునందును ప్రయోగములకు కావ్యనామములను సంక్షేపాక్షరములతో సూచించి, పెక్కుచోట్ల ఆశ్వాసమును గూడ తెలిపిరి. ఇందలి మెలకువను మనము గుర్తింపవలయును. పుటసంఖ్య ముద్రణమునకు కట్టుబడినది, మరుముద్రణముతో మారిపోవును. ఆశ్వాససంఖ్య గ్రంథమునకే కట్టుబడినది. ఏ ముద్రణమున చూచినను అదే. గ్రంథము ఉన్న తావును చెప్పుట వేరు. గ్రంథమును గుర్తించుట వేరు.

ఈ భేదమును శాసనములు మరింత స్పష్టముగా చూపును. నాగార్జునకొండ లోయ 1926లో పరిశోధకుల దృష్టికి వచ్చినది. అచటి ఇక్ష్వాకురాజుల కాలపు ప్రాకృతశాసనములను ఫోగెల్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటమున ప్రకటించెను. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1954–60 నడుమ విస్తారముగా త్రవ్వకములు సాగించి, కొన్ని కట్టడములను తరలించి, శిల్పములను శాసనములను ప్రదర్శనశాలకు చేర్చిరి. లోయ జలాశయమున మునిగిపోయినది. శాసనము నిలిచిన స్థలమును మాత్రమే చెప్పినవారి నిర్దేశము నేడు నీటి యడుగునకు దారి చూపును. సంపుటమును శాసనసంఖ్యను చెప్పినవారి నిర్దేశము నేటికిని చెల్లుచున్నది. శిలపై తడికాగితము నద్ది సిరాతో తీసిన ప్రతిచ్ఛాయ యుండినచో, శిల అరిగినను పాఠమును మరల పరిశీలింపవచ్చును.

అంతర్జాలమునకు వత్తము. టిమ్ బెర్నర్స్ లీ 1989లో ప్రతిపాదించిన వెబ్‌లో ప్రతి పుటకును ఒక చిరునామా కలదు. అది గ్రంథము నెలకొన్న తావునే తెలుపును. నిర్వాహకులు పుటలను సర్దినను, సంస్థ మూతపడినను ఆ చిరునామా చెడును. ఒక్కొక్కప్పుడు చిరునామా అట్లే యుండగా లోని పాఠము మారిపోవును; చదువరికి మార్పు జరిగిన జాడయే తెలియదు గనుక ఇది మరింత ప్రమాదము. జిట్రెయిన్, ఆల్బర్ట్, లెసిగ్ అను మువ్వురు 2014లో ప్రకటించిన పరిశోధనలో హార్వర్డ్ లా రివ్యూ మొదలగు పత్రికల లంకెలలో నూటికి 70కి పైగా, అమెరికా సర్వోన్నతన్యాయస్థానపు తీర్పుల లంకెలలో నూటికి 50, మొదట ఉదాహరించిన విషయమునకు చేర్చుట లేదని తేలినది. తీర్పునకే ఆధారము చెడినపుడు సామాన్యవ్యాసముల మాట చెప్పనేల? పద్ధతిని నిర్ణయించు పెద్దలకే నిలుకడ చిక్కలేదు: అమెరికాలోని మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ 2009లో చిరునామా తప్పనిసరి కాదని చెప్పి, 2016లో దానిని మరల చేర్చుట మేలని సూచించెను.

తెలుగువారి యనుభవమును ఇట్టిదే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మన ప్రాచీనముద్రణములను పెక్కింటిని ఛాయారూపమున అందుబాటునకు తెచ్చి మహోపకారము చేసెను. తరువాత దాని పాత చిరునామాలు పనిచేయకపోయెను. ఆ ఛాయలు పెక్కు 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేడును లభించుచున్నవి. గ్రంథకర్తను, ముద్రణాలయమును, సంవత్సరమును పేర్కొన్న వ్యాసములలోని ఆధారము మరల దొరకును. చిరునామాను మాత్రమే వ్రాసిన వ్యాసములలోని ఆధారము ఊహకు వదలవలసినదే.

కావున పరిశోధకుడు అంతర్జాలమున చూచినదానికి నాలుగు విషయములను తెలుపవలయునని మా యభిప్రాయము. మొదటిది గ్రంథపరిచయము: కర్త, గ్రంథనామము, ముద్రణము, ఆశ్వాసము లేక ప్రకరణము. రెండవది చూచిన రూపము: అచ్చుపుట ఛాయయా, ఎవరో మరల టైపు చేసిన పాఠమా? మూడవది చిరునామాయు, చూచిన తేదీయు. నాలుగవది నిలుకడగల ప్రతి: భద్రపరచిన ప్రతియైనను, వికీపీడియావంటి మారుపుటలకు ఆనాటి కూర్పునకు చెందిన శాశ్వత లంకెయైనను.

వీనిలో రెండవదానినే మనవారు తరచుగా దాచుచున్నారు. టైపు పాఠమును చదివి, చూడని అచ్చుప్రతిని నిర్దేశించుట గౌరవప్రదమని కొందరి భావన. టైపు పాఠమున ఒక అరసున్న జారినను, ఒక గణము తప్పినను, ఆ దోషము అచ్చుప్రతి నెత్తిన పడును. తరువాతివాడు ఆ వ్యాసమును నమ్మి ఉదాహరించును. కొంతకాలమునకు లేని పాఠాంతరము ఒకటి సాహిత్యచరిత్రకు ఎక్కును. తాటాకుల కాలమున లేఖకుల చేతిలో జరిగిన పొరపాట్లను సవరించుటకు మన పరిష్కర్తలు జీవితములను ధారపోసిరి. క్రొత్త లేఖకదోషములను కోరి తెచ్చుకొనుట మనకు తగదు.

అంతర్జాలమున చూచితినని చెప్పుటలో చిన్నతనము లేదు. చూచినదానిని చూచినట్లు చెప్పుటయే ప్రమాణము. సిద్ధాంతవ్యాసములను పరీక్షించు పెద్దలు ఆధారముల పట్టికను లెక్కపెట్టి విడువక, అందు నాలుగైదింటినైనను తెరచి చూచు నియమమును పెట్టుకొందురేని ఈ మర్యాద త్వరలోనే నెలకొనగలదు.