గ్యాస్ నొప్పి అనుకోవద్దు.. గుండెపోటు కావచ్చు

హుజూర్‌నగర్: ఛాతీలో బరువు, చేతి లాగుడు, ఒళ్లంతా చెమట. ఈ మూడూ కనిపించగానే మన పల్లెల్లో ముందుగా వినిపించే మాట ‘గ్యాస్ పట్టింది’. సోడా తాగించి, వాము నమిలించి, ఊళ్లోని వైద్యునితో ఓ సూది వేయించి పడుకోబెట్టే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. తెల్లవారాక చూద్దామనుకునే ఆ కొద్ది గంటలే రోగి భవిష్యత్తును తేల్చేస్తాయి.

గుండె కండరానికి రక్తాన్ని చేరవేసే ధమనుల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఆ పూత ఒక్కసారిగా చిట్లితే దానిపై రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఇదే గుండెపోటు. రక్తం అందని కండరం సుమారు అరగంటలోనే చచ్చుబడటం మొదలవుతుంది. ఒకసారి చనిపోయిన కండరం తిరిగి రాదు.

గుండెపోటు నొప్పి సూది గుచ్చినట్లు ఒకచోట ఉండదు. ఛాతీ మధ్యలో బండ పెట్టినట్లు, గట్టిగా పిండినట్లు ఉంటుంది. ఎక్కడని అడిగితే రోగి వేలితో చూపలేక అరచేతిని రొమ్ముపై ఆనిస్తాడు. ఎడమ చేతికే కాదు, కుడి చేతికి, భుజాలకు, మెడకు, దవడకు, వీపునకు, బొడ్డుపై భాగానికి కూడా అది పాకవచ్చు. ముచ్చెమటలు, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం తోడవుతాయి. విశ్రాంతి తీసుకున్నా 15 నిమిషాలకు మించి తగ్గకుంటే ఇక ఆలోచించరాదు.

రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే కూలీలు భుజం నొప్పిని పని నొప్పిగానే భావిస్తారు. నొక్కినప్పుడో, చేయి కదిపినప్పుడో పెరిగే నొప్పి చాలావరకు కండరాలదే. నడిచినా, బరువెత్తినా వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పిని మాత్రం అనుమానించాలి. అసలు పోటుకు కొద్ది రోజుల ముందు గుండె ఇచ్చే హెచ్చరిక అది కావచ్చు. ఈ తేడాలను ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. తేల్చేది ఈసీజీయే.

మధుమేహ రోగులు, మహిళలు, వృద్ధుల విషయంలో మరింత అప్రమత్తత అవసరం. వీరిలో కొందరికి నొప్పే ఉండదు. కారణం లేని నీరసం, ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమట మాత్రమే కనిపిస్తాయి. ఇంటి పనితో అలసిందిలే అని తల్లిని పడుకోమనడం మనకు అలవాటే. వయసు చూసి కూడా తోసిపుచ్చరాదు. ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరి 21న గుండెపోటుతో మరణించేనాటికి ఆయన వయసు 50 ఏళ్లే.

హుజూర్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు మూడు గంటలకు పైగా ప్రయాణం. యాంజియోప్లాస్టీతో మూసుకున్న ధమనిని తెరవడమే మేలైన చికిత్స అయినప్పటికీ, రెండు గంటల్లోగా అది సాధ్యం కానప్పుడు తొలుత గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాతే పెద్దాసుపత్రికి తరలించాలని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. టెనెక్టెప్లేజ్, స్ట్రెప్టోకైనేజ్ అనేవి ఆ ఇంజెక్షన్లు. నొప్పి మొదలైన 12 గంటల వరకు ఇవ్వవచ్చు గానీ, తొలి రెండు మూడు గంటల్లో ఇస్తేనే పూర్తి ఫలితం. పక్షవాతం, రక్తస్రావం వంటి చరిత్ర ఉన్నవారికి ఇవి పనికిరావు కనుక నిర్ణయం వైద్యునిదే. కాబట్టి నేరుగా నగరానికి కారు కట్టించుకుని బయలుదేరడం కన్నా, ముందుగా ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి చేరడమే ఉత్తమం. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటలలో ఈ ఇంజెక్షన్ రాత్రిపూట కూడా ఎక్కడ దొరుకుతుందో అవసరం రాకముందే విచారించి పెట్టుకోవాలి.

లక్షణాలు కనిపించగానే 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ సేవ ఉచితం. ఊరు, మండలంతో పాటు గుడి, బడి వంటి గుర్తు చెబితే వాహనం త్వరగా చేరుతుంది. రోగిని నడిపించరాదు, బైకుపై మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లరాదు. స్పృహలో ఉండి, ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కాకుంటే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించవచ్చు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర మాత్రం వైద్యుడు చెప్పకుండా వేయరాదు. రక్తపోటు పడిపోయిన వారికి అది ప్రమాదకరం. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందన్న వాట్సాప్ ప్రచారానికి వైద్యపరమైన ఆధారం లేదు.

రోగి కుప్పకూలి, పిలిచినా పలకక, శ్వాస ఆడకుంటే గుండె ఆగినట్లే. వెంటనే నేలపై వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు రెండు అంగుళాల లోతున నొక్కుతూనే ఉండాలి. అంబులెన్స్ వచ్చే వరకు చేతులు మార్చుకుంటూ కొనసాగించాలి.

మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి తిరిగి రావడం మరో పొరపాటు. కొందరిలో మార్పులు ఆలస్యంగా కనిపిస్తాయి. నొప్పి కొనసాగుతుంటే ఈసీజీ మళ్లీ తీయించాలి, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయమని అడగాలి. మరో ఆసుపత్రికి తరలించేటప్పుడు ఆ ఈసీజీ కాగితాన్ని, ఇచ్చిన మందుల చీటీని, నొప్పి మొదలైన సమయాన్ని రాసి రోగి వెంటే పంపాలి.