వేడెక్కిన మోటారు మరల కదలదేల?



ఉదయమున నొక్కమారు తాళము త్రిప్పగానే మేల్కొను పాత కారు, మధ్యాహ్నమున పది క్రోసులు నడచి, ఎచ్చటనో పావుగంట యాగిన పిదప మరల కదలకుండుట మీలో పెక్కురు చూచియే యుందురు. గంట గడచినచో నదియే యేమియు నెరుగనట్లు నడచును. ఈ వింతకు గల కారణమును, దాని వెనుకనున్న చరిత్రమును నేడు మనవి చేసెదను.

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను యంత్రశిల్పి 1886 జనవరి 29వ తేదీన తన మోటారుబండికి పేటెంటు హక్కు కోరెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు, రమారమి 100 కిలోమీటర్లు, ఆ బండిపై ప్రయాణము చేసెను. నాడు పెట్రోలు బంకులు లేవు. దారిలో నొక మందుల యంగడిలో లిగ్రాయిను అను తేలిక నూనెను కొనెను. నూనె గొట్టము పూడిపోగా తన టోపీసూదితో దానిని శుభ్రపరచెను. బండి నిలిచిన చోటనే, నిలిచిన క్షణముననే ఆమె కారణమును వెదకెను. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. తుదకు మనకు పనికివచ్చును.

పెట్రోలు వంటి నూనెలకు గల గొప్పగుణము శీఘ్రముగా నావిరి యగుట. ఆ ఆవిరి గాలితో కలిసి, విద్యుత్తు రవ్వ తగులగా మండి, బండిని నడపును. 1893లో విల్‌హెల్మ్ మేబాక్ సన్నని రంధ్రము గుండ నూనెను తుంపరగా చిమ్ము కార్బురేటరును నిర్మించెను. రవ్వ పుట్టించు నేర్పాటును అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ చక్కజేసెను. 1912 నాటి కాడిలాక్ కార్లకు విద్యుత్తుతో తిరుగు సెల్ఫును కూడ అమర్చెను. అంతకు పూర్వము చేతికమ్మితో త్రిప్పవలసివచ్చెడిది. అది వెనుకకు తన్ని చేతులు విరిగినవారు కలరు. ఇట్లు నూనె, రవ్వ, సెల్ఫు అను మూడును సమకూరెను. ఈ మూటికిని శత్రువు వేడియే.

బండి నడచుచున్నంతసేపు పంకా గాలియు, నీటి ప్రవాహమును, చల్లని పెట్రోలును వేడిని కొనిపోవుచుండును. ఆపిన వెంటనే ఇవన్నియు నిలిచిపోవును. ఇనుములోని వేడిమి మాత్రము పైకెగసి బానెట్టు క్రింద నిండును. కావున ఆగిన పది పదునైదు నిమిషములకు కార్బురేటరు నడకలో కంటె నెక్కువగా కాగును. 1950ల చివరినుండి 2014 వరకు మన దేశమున తయారైన అంబాసడర్ కార్లను తలచుకొనుడు. వాని పాత పెట్రోలు ఇంజనులలో పొగగొట్టమును, కార్బురేటరును ఒకే ప్రక్కన నుండెడివి. పొయ్యిప్రక్కనే నేతిగిన్నె నుంచినట్లే!

1994 వైశాఖమున మా తల్లిగారికి జ్వరము తీవ్రము కాగా, ఒక బాడుగ కారులో పట్టణమునకు బయలుదేరితిమి. రైలుగేటు వద్ద బండి నాపిరి. గేటు తెరచిరి గాని బండి కదలలేదు. డ్రైవరు నిట్టూర్చి, అంతకుముందే బ్యాటరీని, కార్బురేటరును మార్చితి ననియు, మరునాడుదయము మెకానిక్కు చూచునప్పుడు బండి చక్కగా నడచుచున్న దనియు చెప్పెను. రోగమొకటి, మందొకటి యైనది! వెనుక నిలిచిన లారీ డ్రైవరు దిగివచ్చి ప్లగ్గు తీగను పరీక్షించి, రవ్వ లేదనెను. ఇగ్నిషన్ కాయిల్‌ను తాకబోయి చేయి వెనుకకు తీసికొనెను. దానికి తడిగుడ్డ చుట్టి కొంతసేపాగి త్రిప్పగా బండి మేల్కొనెను. మేము గంట యాలస్యముగా చేరితిమి. తల్లిగారు కోలుకొనిరి; కాని ఆ గంట నేటికిని మరువలేదు.

ఇందలి నీతి యిది. వేడిలో మాత్రమే కనబడు దోషమును చల్లారిన పిదప వెదకిన దొరకదు. ఏది యున్నపుడు రోగము కలుగునో, ఏది లేనపుడు కలుగదో చూచి కారణమును నిర్ణయింపుమని మన తార్కికులు చెప్పు అన్వయ వ్యతిరేకములు ఇచ్చట నక్షరాల పనిచేయును.

కావున బండి నిలిచినచోటనే క్రమముగా చూడుడు. సెల్ఫు మందముగా తిరిగినచో బ్యాటరీ తీగల బిగింపును చూడవలెను. రాగి వేడెక్కినకొలది విద్యుత్తునకు అడ్డు హెచ్చును. సెల్ఫు బాగుగా తిరిగినచో, తెలిసినవానిచే రవ్వను చూపింపుడు. అది లేనిచో కాయిల్‌నో, కండెన్సరునో అనుమానింపవలెను. రవ్వ యున్నచో దోషము పెట్రోలుది. పెట్రోలు వాసన గుప్పున కొట్టి, ప్లగ్గులు తడిసియున్నచో, అది కార్బురేటరులో పొంగి లోపల నిండినదన్నమాట. యాక్సిలేటరును చివరివరకు నొక్కిపట్టి, మాటిమాటికి వదలక, సెల్ఫు త్రిప్పవలెను. వాసన లేక, కార్బురేటరులో చమురు లేకున్నచో, గొట్టములో నావిరి అడ్డుపడినదని యెరుగుడు. పంపుపై తడిగుడ్డ వేసి యోపిక పట్టుడు. కాగిన ఇంజనుపై నీళ్లు గుమ్మరింపకుడు, ఇనుము పగులును. పెట్రోలు వాసన యున్నచోట రవ్వను పరీక్షింపకుడు, చుట్ట వెలిగింపకుడు.

2000 తరువాతి సంవత్సరములలో మన దేశపు క్రొత్త కార్లనుండి కార్బురేటరు క్రమముగా తొలగెను. ట్యాంకులోని పంపు ఒత్తిడితో పెట్రోలును పంపుటచే నది గొట్టములో సులభముగా నావిరి కాదు. అయినను పాత బండ్లు మన పల్లెలలో నింకను కొన్ని కలవు. అవి నిలిచినపుడు తిట్టక, వస్తువులు మార్చుటకు తొందరపడక, బెర్తా బెంజ్ వలె అక్కడనే, అప్పుడే కారణమడుగుడు. వేడి చల్లారిన తరువాత సాక్షి పలుకడు.