తర్వాత ఏమున్నది?

‘విరమణ’ అన్న మాటను తెలుగులో మనం ముఖ్యంగా రెండు సందర్భాల్లో వాడతాం. ఒకటి పదవీ విరమణ. రెండోది పోరాట విరమణ. మొదటిదానికి శాలువా, పూలదండ, సన్మానపత్రం ఉంటాయి. రెండోదానికి ఒక తీర్మానం, ఒక తేదీ ఉంటాయి. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ఆ తేదీ 1951 అక్టోబరు 21. కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమిస్తున్నట్టు ప్రకటించింది అప్పుడే. అక్కడితో చరిత్ర పుస్తకంలో ఒక అధ్యాయం ముగిసి, 1952 ఎన్నికలతో మరో అధ్యాయం మొదలవుతుంది. ఈ రెండు అధ్యాయాల మధ్య ఇంటికి తిరిగొచ్చిన ఆడవాళ్లున్నారు. ఇంటికొచ్చాక వాళ్ల ఒక మామూలు రోజు ఎట్లా గడిచిందనే ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

ఈ ప్రశ్నను తిరుమలగిరి నుంచి అడగడానికి కారణం ఉంది. సూర్యాపేట నుంచి జనగామ పోయే దారిలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చెబితే చాలు, పోరాట చరిత్ర చెప్పినట్టే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి చాకలి ఐలమ్మ తన పంటను నిలబెట్టుకున్న పాలకుర్తి అప్పటి జనగామ తాలూకాలోవి. మల్లు స్వరాజ్యం పుట్టిన కర్విరాల కొత్తగూడెం తుంగతుర్తి పక్కనే. ఈ మట్టిలో ‘సంఘం’ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

స్వరాజ్యం 1931లో పుట్టారు. తలకు పదివేల రూపాయల వెల కట్టిన దళనాయకురాలికి పోరాటం ఆగేనాటికి ఇరవై ఏళ్లు. ఇప్పటి లెక్కలో డిగ్రీ చదువుతుండాల్సిన వయసులో విరమణ! ఆమె తర్వాత కూడా రాజకీయాల్లో నిలబడ్డారు. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఆరుట్ల కమలాదేవి 1952లోనే ఆలేరు నుంచి శాసనసభకు వెళ్లారు. ఈ పేర్లు మనకు గర్వకారణం. అయితే ఈ పేర్లు చెప్పుకున్నంతసేపూ, తుపాకీ దించిన చేత్తో చీపురు అందుకున్న వందలాది మంది మన కళ్లకు కనిపించకుండా పోతారు.

ఆ తెర తీసిన పుస్తకం మనందరికీ తెలిసిందే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. ఆ కథనాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేవి పోరాటం తర్వాతి పేజీలు. పోరాటంలో ఉన్నప్పుడు అనుభవించిన స్వేచ్ఛ, ఇంటికొచ్చాక ఎదురైన వెలితి, మమ్మల్నెవరూ అడగలేదన్న బాధ అక్కడ పదే పదే వినిపిస్తాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మ జీవితం దీనికి ఇంకో ముఖం. అజ్ఞాతవాసం ముగిసింది, భర్త దూరమయ్యాడు. ముప్పై ఐదేళ్ల వయసులో ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివి, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కు మేట్రన్‌గా పనిచేశారు. 2012లో వచ్చిన ‘నిర్జన వారధి’లో పోరాటానికి ఎంత చోటుందో, ఆ తర్వాతి దశాబ్దాల బతుకుదెరువుకూ అంత చోటుంది. అందుకే అది మనకు అంత దగ్గరి పుస్తకమైంది.

ఇక ఉద్యోగ విరమణ చరిత్రకు వద్దాం. మన రాష్ట్రంలో ముందస్తు విరమణ ఒక పెద్ద రాజకీయ ఘటనగా మారిన సంవత్సరం 1983. అధికారంలోకి వచ్చిన నెల రోజుల్లోనే ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. పద్దెనిమిది వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, సుమారు పదివేల మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. 1984 ఆగస్టులో వయసును మళ్లీ 58కి పెంచారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు, వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని తీర్పు చెప్పింది. నిరుద్యోగ యువత భవిష్యత్తు ఒకవైపు, అనుభవజ్ఞుల హక్కు మరోవైపు పెట్టి నడిచిన వాదన అది. ఇంట్లో కూర్చున్న ఆ ఉద్యోగికి పదకొండింటికి ఇంకో టీ, ఒంటిగంటకు వేడన్నం, నాలుగింటికి ఏదో ఒక చిరుతిండి ఎవరు అందించారన్నది ఈ వాదనలో ఏ పక్షానిదీ కాదు. మగవాడి విరమణతో ఆడమనిషి పనిగంటలు పెరుగుతాయని ఆ తరం ఇల్లాళ్లందరికీ తెలుసు. వాళ్లు వేసిన పిటిషన్ ఏదీ లేదు.

విరమణ వయసుకు ఆడా మగా తేడా ఉందా అన్న ప్రశ్న నేరుగా కోర్టు మెట్లెక్కిన సందర్భం కూడా ఉంది. 1981లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన నర్గేష్ మీర్జా కేసు. విమానంలో మగ సిబ్బంది 58 ఏళ్ల దాకా పనిచేయొచ్చు. ఎయిర్ హోస్టెస్‌లు మాత్రం 35 ఏళ్లకు, లేదా చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే, లేదా మొదటి గర్భానికి, వీటిలో ఏది ముందొస్తే దానికి దిగిపోవాలి. గర్భం వస్తే ఉద్యోగం పోవాలన్న నిబంధనను కోర్టు కొట్టేసింది. నాలుగేళ్లలోపు పెళ్లి కూడదన్న నిబంధనను మాత్రం సమంజసమేనంది. పెళ్లి, కానుపు, వయసు. ఒక స్త్రీ పని విరమించాల్సిన కారణాలను ఇంత సూటిగా పట్టిక వేసిన పత్రం ఇంకోటి దొరకడం కష్టం. మిగతా చోట్ల ఈ పట్టిక కాగితం మీద ఉండదు, అమలవుతుంది.

ఎట్లా అమలవుతుందో తిరుమలగిరిలో మా చిన్నమ్మ ఇంట్లో చూశాను. ఆమె 1994 డీఎస్సీలో ఎంపికైన టీచరు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు తర్వాత 2018లో, యాభై ఒకటో ఏట, స్వచ్ఛంద విరమణ తీసుకుంది. ఇరవై ఏళ్ల సర్వీసు నిండిన ఉద్యోగి మూడు నెలల నోటీసిచ్చి పింఛనుతో దిగిపోవచ్చని నిబంధన. కారణం దగ్గర ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసింది. ఆ వ్యక్తిగత కారణం పక్షవాతంతో మంచం పట్టిన ఆమె అత్తమ్మ. మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ కొడుకు, అంటే మా బాబాయి, కూడా టీచరే. ఆయన దరఖాస్తులో వ్యక్తిగత కారణమేదీ రాయాల్సిన అవసరం రాలేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వం విరమణ వయసును 61కి పెంచింది కనుక 2025 దాకా పనిచేసి, శాలువాతో ఇంటికొచ్చారు.

2022 సంక్రాంతి తర్వాత నేను అక్కడ వారం రోజులున్నాను. అందులో ఒక రోజును గంటలవారీగా నోట్‌బుక్కులో రాసుకున్నాను. చిన్నమ్మ నాలుగున్నరకు లేచింది. వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గేసింది. నల్లా వచ్చే వేళకు డ్రమ్ములు కడిగి పెట్టింది. అవ్వకు ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చి, జావ పట్టింది. ఎనిమిదింటికల్లా బాబాయి టిఫిన్, డబ్బా సిద్ధం. బట్టలు, బోళ్లు అయ్యేసరికి పదిన్నర. పదకొండింటికి అవ్వకు మందులు, రెండు గంటలకోసారి పక్క తిప్పడం. మధ్యాహ్నం భోజనమయ్యాక పక్కింటి అమ్మాయి స్కాలర్‌షిప్ ఫారం తెచ్చింది. ఆ వెనకే మహిళా సంఘం లీడరు తీర్మానాల పుస్తకం తెచ్చింది. ఇద్దరూ ఒకే మాటతో మొదలుపెట్టారు, “టీచరమ్మా, ఖాళీగనే ఉన్నవు గద.” నాలుగింటికి పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చుంది. మొదటి పేజీ తిప్పేలోపు లోపలి నుంచి అవ్వ మూలుగు వినిపించింది. రాత్రి పదింటికి వంటింట్లో దీపం ఆరింది. “బడిల బెల్లు గొడితే పీరియడ్ అయిపోయేది బిడ్డా. ఇంట్ల బెల్లు గొట్టేటోడు లేడు” అంది పడుకోబోతూ. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, టైం టేబుల్ చెబుతున్నట్టే అంది.

ఇది ఒక్కింటి సంగతి కాదని చెప్పడానికి ఇప్పుడు అంకెలూ ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనులకు వెచ్చిస్తుంటే, పాల్గొనే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అయిదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గింది. మగవాళ్లదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది! ఈ చాకిరీకి విరమణ వయసు ఏ జీవోలోనూ లేదు.

ఇప్పుడు అవ్వ సంగతి చెప్పాలి. మంచం పట్టడానికి మూడేళ్ల ముందు, 2015లో, నా పరిశోధనలో భాగంగా ఆమెతో మాట్లాడాను. పోరాట కాలంలో ఆమెకు పద్నాలుగు, పదిహేనేళ్లు. పేడగంపలో అడుగున జొన్నరొట్టెల మూట పెట్టి, పైన పేడ పరిచి, చెలకల్లో దాక్కున్నవాళ్లకు చేరవేసేది. పోలీసులు ఎదురైతే గంప దించమని అడిగేవారు కాదట, వాసనకు. చెబుతున్నంతసేపూ ముఖంలో ఒక పిల్ల కొంటెతనం. “మరి సంఘం ఆగిపోయినంక ఏంజేసినవ్ అవ్వా?” అని అడిగాను. “తర్వాత ఏమున్నది బిడ్డా, పెండ్లయింది” అంది.

నేనక్కడితో ఊరుకోలేదు. పెళ్లయినంక పొద్దున లేస్తే ఏంజేసేదానివి అని అడిగాను. ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. పదకొండు మంది ఉన్న ఇల్లు. కోడి కూయకముందే ఇసుర్రాయి దగ్గర కూర్చుని జొన్నలు విసరడం, మోటబావి నుంచి ఎన్ని బిందెలైనా తానే మోయడం, కైకిలోళ్లకు సద్ది కట్టడం. “రొట్టెలు అప్పుడూ జేసిన, ఇప్పుడూ జేసిన. అప్పుడు జేస్తే శాబాష్ అన్నరు” అంది.

ఈ ఒక్క మాటలో నా పరిశోధన ప్రశ్న మొత్తం ఉంది. ఆమె చేసిన పని మారలేదు. ఎవరి కోసం, దేని కోసం అన్నది మారింది. ఆ రొట్టె దళానికి పోయినంత కాలం చరిత్రలో భాగం. ఇంట్లో కంచంలోకి వచ్చిన మర్నాటి నుంచి చరిత్ర బయట. చరిత్రకు ఆ రొట్టె కావాలి, రొట్టె చేసే మనిషి దినచర్య అక్కర్లేదు. 1951 విరమణ తీర్మానం మగవాళ్లకు ఒక పనినుంచి ఇంకో పనికి, ఎక్కువగా పార్టీ పనికో ఎన్నికల పనికో దారి చూపింది. ఆడపిల్లలకు చూపింది పెళ్లిపీటలు. పదిహేడేళ్లకు విరమణ పొందిన మనిషికి విరమణ అన్న మాటే తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే ఇంట్లో ఇద్దరు స్త్రీల ముందస్తు విరమణల మధ్య అరవై ఏడేళ్ల దూరం ఉంది. ఈ దూరంలో ఏమీ మారలేదని రాస్తే అబద్ధమవుతుంది. అవ్వకు ఏ పింఛనూ లేదు. కొడుకు ప్రభుత్వోద్యోగి కనుక ఆసరా పింఛను కూడా రాలేదు. చిన్నమ్మకు నెల మొదట్లో తన పేరున్న ఖాతాలో తన పింఛను పడుతుంది. అందులోంచి అవ్వ కోసం గాలిపరుపు కొంది, ఎవరినీ అడక్కుండా. 2023లో అవ్వ పోయాక, అదే డబ్బుతో ఇంటి ముందు గదిలో రెండు పుస్తకాల అల్మారాలు చేయించింది. అవ్వ తరం పోరాటమూ చిన్నమ్మ తరం చదువూ కలిసి సాధించిన తేడా ఇది, చిన్నదేమీ కాదు. అయినా ఆ డబ్బు రావడానికి ఆమె వదులుకున్న పదేళ్ల బడిని, ఎక్కిరాని పదోన్నతిని, పెరగని పింఛనును ఎవరూ లెక్క కట్టరు. ‘వ్యక్తిగత కారణాలు’ అన్న రెండు మాటల కింద అవన్నీ పూడిపోయాయి.

కోటేశ్వరమ్మ 2018లో వెళ్లిపోయారు, స్వరాజ్యం 2022లో. ఆ తరంలో అడిగితే చెప్పగలవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. ఆ తర్వాతి తరం, అంటే టీచర్లు, నర్సులు, క్లర్కులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఇప్పుడు మన కళ్లముందే ఇంటికొస్తున్నారు. వాళ్లతో ముఖాముఖీలు చేస్తున్న మనం సర్వీసు గురించి, ఉద్యమాల గురించి, రచనల గురించి ఎలాగూ అడుగుతాం. దిగిపోయిన మర్నాడు పొద్దున ఎన్నింటికి లేచారో, ఎవరికి మొదట టీ పెట్టారో, ఆ రోజు ఎవరెవరు “ఖాళీగనే ఉన్నవు గద” అన్నారో కూడా అడుగుదాం. దరఖాస్తులో వ్యక్తిగత కారణమని రాసినచోట ఆ వ్యక్తి ఎవరో అడుగుదాం. “తర్వాత ఏమున్నది” అని వాళ్లు నవ్వేస్తే, అక్కడ రికార్డర్ ఆపకుండా ఇంకాసేపు కూర్చుందాం.