ఆట నియమములకు ఒక గ్రంథాలయము

చదరంగమున గుఱ్ఱము నడకను ఒక్క వాక్యములో చెప్పవచ్చును. కాని ఆటగాడు ఒక వీరుని పాత్ర ధరించి, మాటలతో కథ నడపి, పాచికలతో ఫలితము తేల్చుకొను ఆటకు నియమములు వందలకొలది కావలయును. వానిని భద్రపరచుట ఎట్లు?

1970ల ఆరంభమున అమెరికాలోని మినెసోటాలో డేవ్ ఆర్నెసన్ తన మిత్రులచే ఇట్టి ఆట ఆడించెను. నియమములు కొన్ని కాగితములపైనను, తక్కినవి ఆయన జ్ఞాపకమునందును ఉండెను. వానిని గారీ గైగాక్స్ విస్తరించి వ్రాయగా, 1974లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ మూడు చిన్న పుస్తకములుగా వెలువడెను.

అచ్చువలన నియమములు దూరదేశములకు చేరెను. కాని ఆ పాఠమును తిరిగి ప్రకటించు హక్కు ఇతరులకు లేకుండెను. 2000లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ముఖ్యనియమములను కంప్యూటరు పాఠముగా, బహిరంగ అనుమతితో విడుదల చేసెను. అంతట ఇంటిలో ఆట కల్పించుకొనువారు ఆ పాఠమును శీర్షికలుగా విడదీసి, ఒకదానికొకటి లంకె వేసి, తమ మార్పులను చేర్చి నియమకోశములు నిర్మించుకొనిరి.

2023 జనవరిలో ఆ సంస్థ అనుమతిని బిగింపబోగా ఆటగాండ్రు తీవ్రముగా ప్రతిఘటించిరి. ఆ నెలలోనే ఐదవ కూర్పు నియమపాఠము క్రియేటివ్ కామన్స్ అనుమతితో వెలువడెను. దీనిని ఉపసంహరించుటకు వీలులేదు.

విద్యార్థులు ఆట కల్పించినచో ప్రతి నియమమునకు పేరును, స్థానమును, మార్చిన తేదీని వ్రాసి ఉంచవలెను. వివాదము వచ్చినపుడు తీర్పు చెప్పునది జ్ఞాపకము కాదు, వ్రాత.