పాలిస్టర్ కార్పెట్ పోగులు: రకాలు, గుర్తింపు

కార్పెట్ల వ్యాపారంలో పాలిస్టర్ అంటే ఒకే పదార్థం కాదు. వాడుకలో ముఖ్యమైనవి రెండు: పాలీఇథిలీన్ టెరిఫ్తాలేట్ అనే పెట్, పాలీట్రైమిథిలీన్ టెరిఫ్తాలేట్ అనే పీటీటీ. రెండింటికీ మూలం టెరిఫ్తాలిక్ ఆమ్లమే. దానితో కలిసే గ్లైకాల్‌లో పెట్‌కు రెండు కార్బన్లు, పీటీటీకి మూడు. నాలుగుంటే అది పాలీబ్యూటిలీన్ టెరిఫ్తాలేట్ అనే పీబీటీ. కంటికి కనబడని ఈ తేడా కార్పెట్ మన్నికపై ప్రభావం చూపుతుంది.

1941లో ఇంగ్లండ్‌లోని కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసే జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనెంట్ డిక్సన్ ఈ పాలిమర్లను కనిపెట్టారు. పీటీటీ కూడా అప్పుడే తెలుసు. అయితే పెట్‌కు కావలసిన ఇథిలీన్ గ్లైకాల్ చవక. అందుకే అది టెరిలీన్, డాక్రాన్ పేర్లతో లోకమంతా పాకింది. పీటీటీకి కావలసిన ప్రొపేన్‌డయాల్ అనే గ్లైకాల్ ఖరీదు కావడంతో అది అర్ధశతాబ్దం పాటు ప్రయోగశాల దాటలేదు. 1990లలో షెల్ సంస్థ ఇథిలీన్ ఆక్సైడ్ నుంచి ఆ గ్లైకాల్‌ను చవకగా తీసి, కోర్టెరా పేరుతో పీటీటీని అమ్మింది. డ్యూపాంట్ సంస్థ వేరే దారి పట్టింది. జెనెన్‌కార్ అనే సంస్థతో కలిసి ఈ.కోలై బాక్టీరియాలో జన్యుమార్పులు చేసి, మొక్కజొన్న గ్లూకోజ్‌ను పులియబెట్టి అదే గ్లైకాల్ సాధించింది. దీనికి 2003లో అమెరికా అధ్యక్షుడి హరిత రసాయన పురస్కారం దక్కింది. ఈ గ్లైకాల్‌తో తయారైన పీటీటీయే సొరోనా.

పెట్ అణుమాల దాదాపు నిటారుగా సాగి ఉంటుంది. పీటీటీది వంకరటింకరగా మడతలు పడి స్ప్రింగులా ఉంటుంది. అందుకే బరువైన సామాను కింద అణిగిన పీటీటీ పోగు మళ్లీ లేస్తుంది. నడకదారిలో పెట్ పోగు త్వరగా చదునవుతుంది. ఈ గుణాన్నే చూపించి డ్యూపాంట్, కార్పెట్ల తయారీ సంస్థ మొహాక్ పీటీటీకి వేరే పేరు కోరాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో దాన్ని ‘ట్రైఎక్స్టా’ అనే పేరుతో పాలిస్టర్‌లో ఉపవర్గంగా గుర్తించింది. కొనేవారికి మేలు చేసిన నిర్ణయమిది. అంతకుముందు లేబుల్ చదివి ఈ రెండింటినీ వేరుచేయడం కష్టంగా ఉండేది.

ఇంట్లో చేసే పరీక్షలు కొంతవరకే పనికొస్తాయి. నీళ్లలో వేస్తే పాలీప్రొపిలీన్ తేలుతుంది, నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. మంటలో పాలిస్టర్ నల్లటి పొగ వదిలి, కరిగి, చల్లారాక గట్టి పూసవుతుంది. కానీ పెట్ అయినా పీటీటీ అయినా మంటలో ఒకేలా కనిపిస్తుంది. ఆ రెంటినీ నమ్మకంగా వేరుచేసేది కరిగే ఉష్ణోగ్రత: పెట్ 250–260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, పీటీటీ సుమారు 228 దగ్గరే కరుగుతుంది. రంగు కూడా ఆధారమే. డిస్పర్స్ రంగును పీటీటీ మరిగే నీటిలోనే బాగా పట్టుకుంటుంది. పెట్‌కు సుమారు 130 డిగ్రీల వేడి, ఒత్తిడి, లేదంటే సహాయక రసాయనం కావాలి. పీబీటీతోనే అసలు చిక్కు. దాని కరిగే ఉష్ణోగ్రత పీటీటీకి చాలా దగ్గర. అప్పుడు పరారుణ వర్ణపటం చూడాలి, లేదా పోగును రసాయనికంగా విడగొట్టి, బయటపడిన గ్లైకాల్‌ను గ్యాస్ క్రొమటోగ్రఫీతో పోల్చుకోవాలి.

పాత కార్పెట్లను తిరిగి వాడకానికి మళ్లించే కేంద్రాల్లో ఈ గుర్తింపు రోజువారీ పని. వేర్వేరు పాలిమర్లు కలిసి కరిగితే వచ్చే సరుకు నాణ్యత దెబ్బతింటుంది. అందుకని అక్కడి పనివారు చేతిలో పట్టే సమీప పరారుణ పరికరాన్ని పోగులకు ఆనించి, రకాన్ని క్షణాల్లో తేల్చి విడదీస్తారు.