నల్లగొండ దళాలు: గుత్ప నుంచి భరమారు దాకా

నల్లగొండ నిజాం ఏలుబడిలో జిల్లా కేంద్రంగా ఉన్న కాలంలో, చుట్టుపక్కల తాలూకాల్లో వేలాది ఎకరాలు పెద్ద భూస్వాములైన దేశ్‌ముఖుల గుప్పిట్లో ఉండగా, కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకొనే చాకిరి, అంటే వెట్టి, ఊరూరా సాగేది. 1944లో భువనగిరి మహాసభ తర్వాత, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ పల్లె జనానికి ‘సంఘం’ అయింది. 1946 జూలై 4న, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలయ్యాక, సంఘం కార్యకర్తలు గుత్పలనే దుడ్డుకర్రలూ, రాళ్లు విసిరే వడిసెలలూ పట్టి ఊళ్లకు కాపలా కాశారు.

నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దాడులకు ఇవి చాలలేదు. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. పగలు సేద్యం చేసుకుంటూ ఊరిని కాచేవి గ్రామ దళాలు కాగా, ఇల్లు విడిచి పూర్తికాలం తిరిగేవి గెరిల్లా దళాలు. వీటి చేతికి వచ్చిన తుపాకుల్లో చాలా భాగం దొరల కోటల్లాంటి ఇళ్లైన గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకొన్నవే. వాటిలో భరమారు ఒకటి: గొట్టం మూతి నుంచి మందూ గుండూ దట్టించి పేల్చాలి, పేల్చిన ప్రతిసారీ మళ్లీ దట్టించుకోవాలి కనుక, ఎదురెదురు పోరుకన్నా మాటు వేసి కొట్టడానికే అది పనికొచ్చేది. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం గెరిల్లాలు 2,000 మంది, గ్రామ దళ సభ్యులు 10,000 మంది. ఉద్యమం దాదాపు 3,000 గ్రామాలకు పాకి, 10 లక్షల ఎకరాలు పంచింది. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం వంటివారు దళాలను నడిపారు.

దళాల బలం ఆయుధాల్లో కన్నా ఊరు పెట్టిన అన్నంలో, చేరవేసిన కబురులో ఉందనుకోవాలి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక ఆ ఆసరాకే దెబ్బ తగిలింది: రజాకార్ల పీడ విరగడైందని కొందరు పోరు మానుకోగా, రాతిగుట్టలే తప్ప దట్టమైన అడవి లేని ఈ మెట్టసీమలో పెద్ద సైన్యానికి చిక్కకుండా తిరగడం కష్టమై, మిగిలిన దళాలు కృష్ణ ఒడ్డునున్న నల్లమలకూ, గోదావరి అడవులకూ తరలాయి. పోరు ఆపాలా, సాగించాలా అన్న వాదం నాయకత్వాన్నీ చీల్చింది. ఆపాలన్నవారిలో రావి నారాయణరెడ్డి ఒకరు. 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. అప్పటికే సైన్యం అండతో తిరిగొచ్చిన దొరలు పంచిన భూముల్లో చాలావాటిని మళ్లీ లాక్కోగా, 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు హక్కు కల్పించింది గాని, ఆ హక్కు కోసం అతడు కచేరీల చుట్టూ తిరగవలసి వచ్చింది.